అంచు చరణాలు

పాటను ఒకసారి రికార్డు చేస్తే ఇక దానికి చావు లేదని చాలామంది నమ్మకం. జానపద కళలను కాపాడే ఒక స్వచ్ఛంద సంస్థ ఉద్యోగి, చాపలల్లే ఒక ముసలామె పాటను రికార్డు చేసిన రెండేళ్లకు, ఆమె గదిలో తల వంచుకొని కూర్చున్నాడు.

"మా దగ్గర నేర్చుకున్నవాళ్లు అల్లిన చాప, అమ్మా."

"అంచు కట్టలేదేం? నెల తిరక్కుండా విడిపోతుంది."

"మీ పాట వింటూ అల్లారు. రికార్డులో పదిహేను చరణాలే ఉన్నాయి."

"ఉండవూ మరి! ఏ పుల్ల ఎత్తాలో, ఏది మడవాలో చెప్పేదే ఆ పాట. ఇంకో ఆరున్నాయి, అవే అంచువి అంటుంటే నువ్వే కదయ్యా ఆపించావు?"

"వినేవాళ్లకు విసుగొస్తుందనుకున్నాను."

"ఇల్లు కట్టి తలుపు మరిచినట్టుంది నీ నిర్వాకం."

"తప్పు నాదేనమ్మా. ఆ ఆరూ ఇప్పుడు పాడతారా?"

"అది నోటితో నేర్చింది కాదు నాయనా, చేతులతో నేర్చింది. పక్షవాతం వచ్చాక కుడిచెయ్యి లేవడం లేదు. చెయ్యి ఆడందే చరణం గుర్తుకు రాదు. మా అక్క పోయాక ఆ పాట వచ్చినవాళ్లు వేరే లేరు."

"మీ ఎడమచేత్తో నా చేతులు పట్టుకుని ఆడించండి. మీరెలా తిప్పితే అలా అల్లుతాను."

"ఆ రోజు మాటిమాటికీ గడియారం చూసుకున్న చెయ్యేనా? ఇలా తే."

ఆ మధ్యాహ్నం వాళ్లు మూడు గంటలు ప్రయత్నించారు. రెండు చరణాలు వచ్చాయి. నాలుగు రాలేదు.