ఎదుటివాళ్ళు తల వంచే లైటు

"చూడండి పెద్దాయనా, నేను గొప్పలు చెప్పుకునే రకం కాదు. మా జీపుకి బల్బు మార్చా, అంతే," అని మొదలుపెట్టాడు మెకానిక్, టీ కొట్టు బల్ల మీద కాలు మీద కాలేసుకుని. వ్యాను తాళం అతని వేలికి గిరగిరా తిరుగుతోంది.

వ్యాను పెద్దాయనది. సాయంత్రం పని వదిలాక ప్యాకింగు షెడ్డు ఆడవాళ్ళని ఇళ్ళకి చేరుస్తుంది. నడిపేది మెకానిక్ మరదలు. పోయిన వారం ఆమె అక్కని స్కూటరు మీద ఎక్కించుకుని వస్తూ రోడ్డు దిగి పడిపోయింది. ఇక చీకటి పడ్డాక ఆమెకి వ్యాను ఇవ్వాలా వద్దా అన్నది పెద్దాయన ఇంకా తేల్చుకోలేదు. ముందు లైట్లు బాగుచేయమని తాళం మెకానిక్‌కి ఇచ్చాడు. అక్క, అంటే మెకానిక్ భార్య, కుడి మణికట్టుకి కట్టుతో, ఎడమ చేత్తో టీ వడకడుతోంది. కొట్టు ఆమెదే. "ఆడవాళ్ళ డ్రైవింగంటే అంతే" అని వీధంతా తిరిగి చెప్పింది మాత్రం మొగుడు.

"జీపుతో వచ్చిన బల్బు ఉందే, అది మిణుగురు పురుగు. దాన్ని పీకేసి రెండింతల బల్బు పెట్టా. పెట్టగానే ఫ్యూజు టప్పుమంది. ఇంకోటి వేశా, అదీ టప్పు. ఇంకొకడైతే బల్బు తగ్గించుకునేవాడు. నేను తగ్గుతానా? సిగరెట్ పెట్టెలో వెండికాగితం తీసి ఫ్యూజుకి చుట్టా. మళ్ళీ పోతే ఒట్టు."

"పోవడానికేగా ఫ్యూజు పెట్టేది," అంది మరదలు గ్లాసు అందుకుంటూ. "అది పోకపోతే వైర్లు పోతాయి బావా."

"నువ్వు టీ తాగమ్మా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చూద్దును కదా, లైటు కొత్త పెళ్ళికూతురిలా నేలచూపులు చూస్తోంది. మగాడి బండి తలెత్తుకు చూడాలా వద్దా? స్క్రూ తిప్పి పైకి లేపా. ఇక ఆ సాయంత్రం కల్వర్టు మలుపు దగ్గర చూడాలి పెద్దాయనా, ఎదురొచ్చిన ప్రతివాడూ తల వంచాడు. లారీవాడు వంచాడు, బస్సువాడు వంచాడు, సైకిలాయనైతే కిందికి దిగి నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఒక స్కూటరైతే దారి ఇవ్వడం కాదు, రోడ్డంతా నాకే రాసిచ్చి గట్టు కిందికి దిగిపోయింది. అదీ మర్యాదంటే."

మరదలు గ్లాసు బల్ల మీద పెట్టేసింది. "ఏ రోజు బావా అది?"

"మంగళవారం. ఎందుకు?"

"ఊరికే. చెప్పు."

భార్య చేతిలో టీ జల్లెడ గిన్నె మీదే ఆగిపోయింది. మెకానిక్ చూడలేదు.

"ఆ వెలుగు అక్కడితో ఆగిందా? కొండ మీద పడింది. గూళ్ళకి చేరిన కాకులు తెల్లారిందనుకుని మళ్ళీ డ్యూటీకి బయల్దేరాయి. ఆఫీసువాళ్ళు పళ్ళు తోముకుని బస్సు కోసం నిలబడ్డారు. ఆసుపత్రి కిటికీలోంచి పడితే, డాక్టరు ఎక్స్‌రే లేకుండానే రోగి ఎముకలు చూసి కట్టు కట్టేశాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పొద్దున సూర్యుడొచ్చాడు. చూశాడు. ఇక్కడెవరో ఉన్నారనుకుని వెనక్కి తిరిగిపోయాడు. నేనే జాలిపడి, ఆయన పొట్ట కొట్టడం ఎందుకని జీపుకి పట్టా కప్పి పక్కన పెట్టేశా. మీ వ్యాను లైట్లు కూడా పొద్దున్నే పైకి లేపా. ఇక బల్బులు మార్చడమే మిగిలింది."

"పట్టా కప్పింది జాలితో కాదు," అంది భార్య. గొంతు పెంచలేదు. "లోపల వైర్లు కరిగి ముద్దయ్యాయి. వాసన ఇంకా వస్తోంది, వెళ్ళి చూడండి పెద్దాయనా. ఆ స్కూటరు దిగింది మర్యాదకీ కాదు. ఎదురుగా తెల్లటి వెలుగు తప్ప రోడ్డన్నది కనబడక. నడుపుతున్నది మా చెల్లి. వెనక కూర్చున్నది నేను." కట్టు కట్టిన చెయ్యి తీసి బల్ల మీద పెట్టింది.

మెకానిక్ వేలి మీద తాళం ఆగింది. "అది... కథన్నాక కొంచెం పెంచి చెబుతాం కదే."

"తగ్గించుకుంటూ రా బావా," అంది మరదలు. "సూర్యుణ్ణి తీసెయ్యి. ఎముకలు తీసెయ్యి. కాకుల్ని తీసెయ్యి. స్కూటరు మిగులుతుంది."

పెద్దాయన మెకానిక్ వేలి నుంచి తాళం తీసుకున్నాడు. కాసేపు దానివంకే చూసి, మరదలి చేతిలో పెట్టాడు. "షెడ్డు వదిలే వేళయింది తల్లీ. ఈ లైట్లు సరిచేసుకుని బయల్దేరు. రోజూ నువ్వే వెళ్ళు."

ఆమె వ్యానుని కొట్టు గోడకి కొంచెం దూరంలో, గోడకి ఎదురుగా నిలబెట్టింది. "బావా, ఆ గోడకి ఆనుకుని నిలబడు. ఎదురొచ్చేవాడి కళ్ళు ఎంత ఎత్తులో ఉంటాయో చూసుకోవాలి."

పెద్దాయన చూస్తున్నాడు గనక మెకానిక్ వెళ్ళి నిలబడ్డాడు. ఆమె స్విచ్చి వేసింది. వెలుగు తిన్నగా అతని మొహం మీద పడింది. అతను తల వంచి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"మర్యాద తెలిసినవాడే," అంది భార్య. "చెల్లీ, ఇక దించు. ఆయన తలెత్తుకుని చూడగలిగేదాకా."