తువ్వాలు కింద చెయ్యి

రాజాం, 1944 వానాకాలం. ఆదివారం ఉదయం బాప్టిస్టు గుడి వసారాలో ఎడ్ల వర్తకుడు సుందరరావు, అతని అక్క జ్ఞానసుందరి.

"ఇంకోసారి అడుగప్పా. నీ మాటయితే దేవుడు ఇంటాడు."

"నీకు నోరు లేదేటి? నువ్వే అడుగు."

"మోకాళ్లు కాయలు కాసేలా అడిగాను. పొద్దున్న బైబులు తెరిసి, కళ్లు మూసుకుని వేలెట్టాను."

"ఏటొచ్చింది?"

"ఇశ్రాయేలు గోత్రాల పేర్లు. మళ్లీ ఎట్టాను. మందసం పొడుగూ వెడల్పూ వొచ్చాయి."

"మూడోసారి?"

"మూడోసారి... వేలు కొంచెం జరిపాను."

"దేవుడి దగ్గర కూడా బేరమేనా?"

"ఎగతాళి సెయ్యకు. పాతపట్నం నించి మా వియ్యంకుడొచ్చి నా అరుగు మీద కూకున్నాడు. కూతురు లీలారాణిని తీసుకెళ్లి మళ్లీ పెళ్లి సేస్తాడట. ఆరాధన అయ్యేలోగా ఔనో కాదో సెప్పమన్నాడు. నా కొడుకు బతికుంటే కోడల్ని పంపకూడదు. పోతే ఆపకూడదు. రంగూను మీద బాంబులు పడి నడిసి బయల్దేరాక ఏసురాజు కబురే లేదు. ఆ ఒక్క ముక్క దేవుడు సెప్తే సాలు."

"సెప్పడంలేదంటావు."

"సంతలో ఎడ్ల బేరం నీకు తెలుసుగా. తువ్వాలు కప్పి కింద వేళ్లు పట్టుకుంటాం, పైకి మాటుండదు. కొత్తగా వొచ్చిన ఒరియా ఆసామి సెయ్యి పట్టినా ఎంతంటన్నాడో నాకు తెలిసిపోతాది. దేవుడూ తువ్వాలు కిందే సెయ్యెట్టాడు. ఆ వేళ్లు మాత్రం నాకు అందడంలేదు."

"ఆ సెయ్యి ఎప్పుడెప్పుడు పట్టుకుంటన్నావు?"

"కష్టం వొచ్చినప్పుడు."

"మరింకేటి. సహవాసం లేకుండా..."

"వాక్యం వొద్దప్పా. నీకు సహవాసం ఉందిగా, నువ్వు సెప్పు. బతికున్నాడా?"

"నేను దేవుడి దళారీని కాదురా."

"మొహం తిప్పుకుంటావేటి?"

"గంట కొట్టే వేళయింది."

"కొట్టనీ. నాకు జవాబు కావాలి."

"లీలారాణిని అడిగావా?"

"దాన్నేటడగను? మొగుడి కోసం ఎదురుసూస్తంది. రోజూ వాడి కంచం తోమి బోర్లిస్తాది. నేను సూస్తే తల ఒంచుకుంటాది."

"ఎప్పుడైనా దానితో కలిసి ప్రార్థన సేసావా?"

"మావా కోడలూ ఒక్క సాప మీద కూకోడమేటి? అది వంటింట్లో, నేను వీధి గదిలో."

"ఇన్నేళ్లూనా?"

"ఇన్నేళ్లూ. ఎందుకప్పా ఇయన్నీ?"

"నేను రోజూ దాని పక్కనే మోకరిస్తన్నాను."

"అయితే ఆయన దానికి సెప్పాడా? సెప్పాడు. నీ గొంతే సెప్తంది. నీ కాళ్లు పట్టుకుంటానప్పా, ఏటి సెప్పాడు?"

"లే. ముందు లే. సెప్పింది దేవుడు కాదు, గంగరాజు."

"బర్మా నించి నడిసొచ్చిన గంగరాజా? దారిలో ఒకరికొకరు తప్పిపోయామన్నాడు నాతో."

"నీతో అలా అనమంది లీలారాణే."

"ఎందుకూ?"

"ఏసురాజుని అడివి దారిలో వాడే పాతిపెట్టి వొచ్చాడురా."

"అప్పా..."

"వాడొచ్చినప్పట్నించీ ఆ పిల్లకి తెలుసు. నా సేత ఒట్టేయించుకుంది."

"ఇంకా నా ఇంట్లో ఎందుకుంది మరి? ఎవరి కోసం?"

"తండ్రితో పోనని పొద్దున్నే నాకు సెప్పేసింది. 'మావ ఇంకా ఎదురుసూస్తన్నాడత్తా, ఆయన్ని ఒక్కణ్ణీ వొదిలి ఎలా పోను' అంది."