‘జారిపడింది’ అని రాయని నాగమణమ్మగారు

1991 ఆగస్టు 5వ తేదీన శ్రీమతి నాగమణమ్మగారు శాలిబండలోని మన ప్రభుత్వ మహిళా సదనంలో సహాయ మేట్రన్‌గా బాధ్యతలు స్వీకరించారు. దిక్కులేని మానసిక వికలాంగ మహిళలకు అన్నం కలిపి పెట్టడం, తల దువ్వడం, ఏడ్చేవారి పక్కన కూర్చోవడమే తమ విధి అని వారు మనసా వాచా నమ్మారు. జీతం మాత్రం రిజిస్టర్లు రాసినందుకు ఇచ్చేవారు.

మేట్రన్‌గా పదోన్నతి పొందిన పిమ్మట, ఆశ్రితులపై నేరం జరిగిందని తెలిసిన ఉద్యోగి పోలీసులకు చెప్పి తీరాలన్న నియమాన్ని పెద్ద అక్షరాలతో రాయించి, కార్యాలయం గోడకు తగిలించారు. ఆ బోర్డు కింద కూర్చొని మనమంతా ఏళ్ల తరబడి చాయ్ తాగాం. తలెత్తి చదివింది వారొక్కరే.

2018 వేసవిలో సదనంలోని బుచ్చమ్మ అనే వృద్ధురాలి చెయ్యి విరిగింది. మన సదనంలో ఏ గాయానికైనా ఒకే కారణం రాయడం ఆనవాయితీ: బాత్రూములో జారిపడింది. ఆసుపత్రిలో కట్టు కట్టించుకొని వస్తూ ఆ ముసలమ్మ నాగమణమ్మగారి కొంగు పట్టుకుంది.

“నేను పడలే బిడ్డా. అన్నం వద్దన్ననని అటెండరు చెయ్యి మెలేసిండు.”

పై అధికారి నాగమణమ్మగారిని పిలిచి నచ్చజెప్పబోయారు. “జారిపడ్డదని రాసెయ్యుండ్రి మేడమ్. ఊకె లొల్లి ఎందుకు?”

“ఆ నేల ఆ అటెండరు డ్యూటీ ఉన్న దినమే జారుతదా సార్?” అని అడిగి, వారు నేరుగా ఆటో ఎక్కి పోలీస్ స్టేషన్‌కు వెళ్లారు. తాము చూసిందీ విన్నదీ చెప్పి, సంతకం చేసి వచ్చారు.

చట్టం తన పని తాను చేసుకుపోయింది. అటెండరు సస్పెండై, కొన్నాళ్లకే తిరిగి అదే వార్డులో చేరాడు. నాగమణమ్మగారు పురానాపూల్ దగ్గరి గోదాముకు, పాత దుప్పట్లు చూసుకోవడానికి బదిలీ అయ్యారు. సదనం బాత్రూములకు అధికారులు గరుకు బండలు పరిపించారు. బుచ్చమ్మను, ఆమె రక్షణ కోసమేనంటూ, ఎక్కడో దూర జిల్లాలోని సదనానికి తరలించారు.

సెలవు పెట్టి చూడబోయిన నాగమణమ్మగారిని బుచ్చమ్మ గుర్తుపట్టింది. “చెప్పకపోతె మంచిగుండె బిడ్డా. ఈడ నాకెవ్వలు ఎర్కలేరు,” అంది. ఈ మాటను వారు మాతో ఒక్కసారే అన్నారు. అని, ఆ పూట టిఫిన్ డబ్బా మూత తీయలేదు. నిరుటి చలికాలంలో బుచ్చమ్మ అక్కడే, తెలిసినవారెవరూ పక్కన లేకుండా కన్నుమూసింది.

మూడు దశాబ్దాలకు పైబడిన నిష్కళంక సేవానంతరం, ఈ నెలాఖరున నాగమణమ్మగారు పదవీ విరమణ చేస్తున్నారు. సన్మానసభకు కుర్చీలు సర్దుతున్నవాడు ఆ అటెండరే. కేసు నేటికీ సాక్ష్యాల దాకా రాలేదు. ఎప్పుడడిగినా వాయిదా పడిందనే జవాబు.

విరమించేవారికి విశ్రాంత జీవితాన్ని ఆకాంక్షించడం మర్యాద. మనసొప్పక మేం ఆ మాట రాయలేకపోతున్నాం. వారి కాళ్లకు కోర్టు మెట్లెక్కే సత్తువ ఉండాలని, జ్ఞాపకం చెదరకూడదని, పిలుపు ఎన్నేళ్లకు వచ్చినా అన్నేళ్లూ వారు ఆయురారోగ్యాలతో ఉండాలని చేతులెత్తి ప్రార్థిస్తున్నాం. బుచ్చమ్మ జారిపడలేదని చెప్పడానికి ఇక వారొక్కరే మిగిలారు.