చిన్నోని ఫోటో

నవంబరు మొదటి వారం, డబ్లిన్‌లో ఒక మెక్సికన్ హోటల్. చనిపోయినవాళ్ళ పండుగకని గోడవారగా వాళ్ళ ఫోటోలు, ముందు బంతిపూలు, భోజనం. మిర్యాలగూడ అక్కాతమ్ముళ్ళు పక్క టేబుల్ దగ్గరే కూర్చున్నారు.

"మన పెత్రమాస లెక్కనే ఉంది గదరా."

"అక్కా, ఆడ మన చిన్నోని ఫోటో ఎందుకున్నది?"

"నేనే పెట్టిన. ఎవరన్నా పెట్టుకోవచ్చన్నరు."

"తీసెయ్. కాలువల కొట్టుకపోయిన తమ్ముని శవమే దొరకలే. అమ్మ ఇంకా దినం చెయ్యనిస్తలేదు. వాడొస్తడని రోజూ అన్నం మూతబెట్టి ఉంచుతది."

"అది బతికున్నోళ్ళకు పెట్టే అన్నం. వానికెట్ల అందుతది? ఆరేండ్ల సంది ఆకలితోనే తిరుగుతున్నడేమోరా."

అతను ఆ ఫోటోను, దాని ముందున్న పళ్ళేన్ని చూశాడు.

"సరే, ఉండనీ. ఆ మిరపకాయ పచ్చడి మాత్రం జర పక్కకు జరుపు. వాడు కారం తినలేడు."