చిబెసా చెప్పిన వాక్యం

హలో… ఆ, నేనేరా లొంబే, కాసుబక్కని. బళ్ళోంచే. ఎన్నిసార్లు చేశాను, ఎత్తవేం?…

డ్యూటీలో ఉంటే? నేను లేనా డ్యూటీలో? పిల్లల్ని వదిలేసి వరండాలో నిలబడ్డా. విను. మీ గని మురుగు చెరువు గట్టు… దాన్ని ఆఖరుసారి ఎప్పుడు చూశావ్?…

పోయిన వారమా! గట్టు కాపలా నీదే కదరా? రోజూ చుట్టి రావాలి కదా?…

బండికి డీజిల్ పొయ్యలేదా. బావుంది. కాళ్ళక్కూడా పొయ్యాలా డీజిలు?…

సరే, సరే, అరవకు. తిట్టడానికి చెయ్యలేదు. పొద్దున క్లాసులో కప్ప కథ చదివించా. అందులో ‘ఊట’ అని కొత్త మాట వచ్చింది. నేను అర్థం చెప్పనుగా… ముందూ వెనకా చదివి వాళ్ళే పట్టుకోవాలి. ఆ మాటతో తలా ఓ సొంత వాక్యం చెప్పాలి…

వస్తున్నా, అక్కడికే వస్తున్నా! ఒకడు ‘మా తమ్ముడి ముక్కులో ఊట’ అన్నాడు. ఒకటే నవ్వులు. అప్పుడు చిబెసా లేచింది…

గట్టు కింద పాకలో ఉంటుంది, నానమ్మతో. ఏడాదిగా నా క్లాసులో నోరు విప్పని పిల్లరా అది. లేచి, ‘మా ఇంటి వెనక గట్టుకి ఊట పడింది’ అంది. వెంటనే ఫోను పట్టుకుని బయటికొచ్చా. బడి కూడా ఆ గట్టు కిందేగా…

ఏ మట్టి గట్టుకైనా ఊట ఉంటుందా? అయితే భయం లేదంటావ్?… తేట నీళ్ళయితే లేదు… బురద నీళ్ళయితే?… ఉండు, అడుగుతా.

చిబెసా! ఇలా రా తల్లీ. ఆ ఊట నీళ్ళు ఎలా ఉన్నాయి?… ఊఁ… ఊఁ…

లొంబే, మొన్నటిదాకా తేటగా ఉండేవట, గిన్నెలు తోముకునేవాళ్ళట. ఇవాళ బూడిద కలిపినట్టు వస్తున్నాయట. కన్నం కూడా పెద్దదయింది, చెయ్యి పడుతుందంటోంది…

లొంబే?… ఏమన్నావ్?…

లోపల్నించి మట్టి కొట్టుకొస్తోందా? అంటే… గట్టు…

దేవుడా.

ఎంతసేపు ఆగుతుంది?… తెలీదంటే ఎలారా! సైరన్ మోగించు!… మేనేజరు చెప్పాలా? ఎక్కడున్నాడు ఆయన?… కిట్వేలో మీటింగా! ఆయన మీటింగయ్యేదాకా నీళ్ళు కూర్చుంటాయా?… పోతే పోయింది ఉద్యోగం! నా ఇంట్లో రోజూ న్షిమా ముద్ద వండి పెడతా, బతికున్నన్నాళ్ళూ పెడతా. మోగించరా!…

లొంబే… ఏం చేస్తున్నావ్?…

ఆ! వినపడుతోంది… మోగుతోంది. నా తండ్రే.

పిల్లలూ! పుస్తకాలు వదిలెయ్యండి! చేతులు పట్టుకోండి, చర్చి దిబ్బ ఎక్కాలి! మలామా, క్లాసు లీడరువి నువ్వే, చిన్నవాళ్ళని ముందు పంపు! పరుగు!

ఫోను పెట్టెయ్యకు, లొంబే. ఈ పిల్ల నా చెయ్యి విదిలించుకుంటోంది, ఇంటికి పోతానని. నానమ్మకి చూపు లేదు. సైరన్ విన్నా ఎటని పోతుంది ఆవిడ?… నువ్వా? గట్టు కిందకా? వద్దురా… బండే లేదుగా… సైకిలు మీదా?…

…

వెళ్ళు. వెళ్ళు తమ్ముడూ. ఫోను కట్ చెయ్యకు, జేబులో వేసుకో…

చిబెసా, నడు తల్లీ. మా తమ్ముడు వెళ్ళాడు. నడు…

…

ఎక్కేశాం లొంబే. అందరూ ఉన్నారు… వినపడుతోందా?… నీ రొప్పే వినిపిస్తోంది నాకు. ఎక్కడిదాకా వచ్చావ్?…

అయ్యో! అయ్యయ్యో, గట్టు… నడిమికి విరిగింది! లొంబే! బూడిదరంగు బురద గోడలా వస్తోందిరా… పాకలు… బడి… లొంబే!

అటు చూడకండి పిల్లలూ. నా వైపు తిరగండి. నన్నే చూడండి…

…

లొంబే… ఒక్క మాట… ఒక్కసారి దగ్గినా చాలురా…

…

ఆ? ఆ! ఎక్కడ?… రైలు కట్ట మీదా! ఆవిడ?… వీపున వేసుకునొచ్చావా!… సైకిలు పోతే పోయిందిలే వెధవ సైకిలు… ఏడవకు నాన్నా. నేను ఏడుస్తున్నానా? లేదుగా…

పక్క పాకల వాళ్ళు?… సైరన్ వినగానే పైకొచ్చారా. అందరూనా?… ఇంకా తెలీదా… సరే. పిలవండి. పేరుపేరునా పిలిచి చూడండి…

ఏమిటా కేకలు? ఎవరు తిడుతోంది?… ముసలమ్మా! పొయ్యి మీద గిన్నె దించనివ్వలేదనా?… తిట్టనీరా, కడుపునిండా తిట్టనీ. ఫోను ఆవిడ చెవి దగ్గర పెట్టు.

చిబెసా, ఇలా రా. ఇదిగో, పట్టుకో… ఏదో ఒక మాటమ్మా. ఏ మాటయినా సరే. మాట్లాడు.