గాలి హెచ్చరిక చదివే మేడం

లేదు మేడం, నేను కూర్చోను. మీ రేడియో స్టేషన్ గేటు దగ్గర గంటన్నర కూర్చోబెట్టారు, చాలు. "డివినా మేడం ఇప్పుడు పొద్దుటి వాతావరణం చదవడం లేదు, ఇంకెందుకు కలవడం" అంటాడు ఆ కాపలా ఆయన. చదవడం లేదు కాబట్టే వచ్చానయ్యా అన్నాను.

డివినా మేడం మీరేనా? నిజంగా మీరేనా?

ఏమీ అనుకోకండి. ఆ గొంతు విని పాతికేళ్ల పిల్ల అనుకున్నాను. సన్నగా, పొడుగు జుట్టుతో. మీరు నాకంటే పదేళ్లు పెద్దే అయ్యుంటారు. ఆ కళ్లద్దాలు, ఆ కాళ్ల వాపు... బీపీయా? మా అత్తకీ అలాగే ఉండేది.

ఈ సంగతి ఆర్నెల్ల ముందు తెలిసుంటే ఎంత బాగుండేది.

నా పేరు పురిసిమా. శాన్ ఆండ్రెస్ అవతల రేవు మాది. క్రిసాంతో భార్యని. ఆ, ఆ క్రిసాంతోనే. మీ మీద ఫిర్యాదు కాగితం రాయించి, రేవులో అందరి చేతా సంతకాలు పెట్టించింది ఆయనే. ఆ రోజు గాలి హెచ్చరిక రేడియోలో చదవలేదు, చదివుంటే మేం వెళ్లేవాళ్లం కాదు అని.

చదివానంటారు. తెలుసు. ఆగండి, నన్ను చెప్పనివ్వండి. మధ్యలో ఆపితే మళ్లీ మొదలుపెట్టలేను.

మా రేవుకి కరెంటు లేదు. బ్యాటరీ రేడియో మా ఇంట్లో ఒక్కటే. పొద్దున అయిదింటికి మీరు చదువుతారు, మా ఆయన విని రేవులో చెప్తాడు. ఆయన వెళ్దామంటే పడవలు కదుల్తాయి, వద్దంటే లేదు. అందులో తప్పేముంది అంటారు. ఏమీ లేదు.

కానీ ఆయన చొక్కా వేసుకుంటాడు మేడం.

పెళ్లయిన పదిహేడేళ్లలో ఇంట్లో నా ముందు చొక్కా వేసుకున్న మనిషి కాదు. మీరొచ్చే వేళకి ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, చొక్కా తొడుక్కుని రేడియో ముందు కూర్చుంటాడు. మీరు శుభోదయం అంటే ఈయనా "శుభోదయం మేడం" అంటాడు. ఎవరితో? పెట్టెతో. నా గరిటె చప్పుడు కాకూడదు. "ఉష్, ఆవిడ మాట్లాడుతోంది." నేను మాట్లాడేటప్పుడు ఆ ఇంట్లో ఎవరూ ఎవర్నీ ఉష్ అన్నది లేదు.

ఇంతకీ మీరు చదివేదేమిటి? ఈశాన్యం నుంచి గాలి, అలలు రెండు మీటర్లు, అక్కడక్కడా జల్లులు. అంతే కదా. నేనూ అవే మాటలు పెరట్లో ఒక్కదాన్నే అని చూశాను, మీలాగే నెమ్మదిగా. కోళ్లు కూడా తల తిప్పలేదు.

నవ్వండి, పర్లేదు.

తర్వాత ఆ ఎండుచేపలు. నవంబరులో మీకో బుట్ట వచ్చింది, అరిటాకు చుట్టి. అవి నేను చీల్చి, ఉప్పు పట్టించి, మూడు రోజులు ఎండలో తిప్పిన చేపలు. మా అమ్మకని దాచాను. మర్నాడు మీరు "శాన్ ఆండ్రెస్ క్రిసాంతో గారికి కృతజ్ఞతలు, చేపలు చాలా రుచిగా ఉన్నాయి" అన్నారు. ఇక ఆయన్ని పట్టేవాళ్లు లేరు. ఎవరు ఎండబెట్టారో మాత్రం రేడియో చెప్పలేదు.

మీకేం తెలుసు పాపం.

ఇక ఆ రోజు. పడవ ఒరిగిపోకుండా పట్టే పక్కకర్ర కట్టు వదులైందని ఆయనా, మా మరిది రూఫో తెల్లారకముందే రేవుకెళ్లారు. వెళ్తూ, "పురింగ్, ఆవిడేం చెప్తుందో విని వచ్చి చెప్పు" అన్నాడు. నన్ను ముద్దుగా పురింగ్ అని పిలిచి ఎన్నేళ్లయిందో. పిలిచింది కూడా మీ కోసమే.

రేడియో పెట్టాను. మీరు శుభోదయం అన్నారు. నాకు ఒళ్లు మండింది. కట్టేశాను.

రేవుకెళ్తే "ఏమంది?" అన్నాడు. "ఏముంది, మామూలే అంది" అన్నాను. "ఆవిడ గొంతుతో చెప్పు వదినా" అన్నాడు రూఫో. ముక్కుతో సాగదీసి చెప్పాను. ఇద్దరూ పగలబడి నవ్వారు. మా ఆయన నా మాటకి నవ్వడం ఎప్పుడు చూశానని. ఆ నవ్వు మీదే పడవ తోశారు.

మా రేవుకి కొండ అడ్డం. బయట గాలి ఎంత కొట్టినా ఇటు నీళ్లు పళ్లెంలో పోసినట్టుంటాయి. కొండ మూల తిరిగాకే అసలు సముద్రం. వెనక బయల్దేరిన పడవలు మూల దగ్గరే అది చూసి తిరిగొచ్చేశాయి.

మర్నాడు సాయంత్రం పక్క ఊరి వాళ్లు మా ఆయన్ని మోసుకొచ్చారు. పక్కకర్ర ముక్కకి వేళ్లు బిగుసుకుపోయి ఉంటే విడదియ్యడానికి ముగ్గురు కావలసి వచ్చిందట.

రూఫో రాలేదు. ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. వాడి పెళ్లాం నెనితా తొమ్మిది రోజుల ప్రార్థన పెట్టనివ్వదు. "పెడితే పోయాడని ఒప్పుకున్నట్టే కదక్కా" అంటుంది. రోజూ నేనే అన్నం పట్టుకెళ్తాను. తిని, "నువ్వు లేకపోతే ఏమైపోయేదాన్నో" అంటుంది నాతో.

మా ఆయన లేచి కూర్చుని అన్న మొదటి మాట, "ఆవిడ మాకు చెప్పలేదు" అని. రేడియో తీసుకెళ్లి నీళ్లలో విసిరేశాడు. అప్పుడైనా నేను నోరు విప్పాలి కదా. విప్పలేదు. సిగ్గు విడిచి చెప్తున్నాను, నాకు సంతోషం వేసింది. ఇప్పుడు పొద్దున్నే లేచి నన్నడుగుతాడు, "పురింగ్, గాలెలా ఉంది?" అని. ఆకాశం చూసి ఏదో ఒకటి చెప్తాను. నాకేం తెలుసని? నా మాట మీద పదకొండు పడవలు మూల తిరుగుతాయి, తిరిగొచ్చేదాకా నాకు ముద్ద దిగదు. ఇవాళ ఎవరూ వెళ్లొద్దని చెప్పి జీప్నీ బండి ఎక్కాను.

మిమ్మల్ని తప్పించారని కొట్టు ఆవిడ చెప్పింది నిన్న. అందుకే.

అయ్యో, నా చెయ్యి పట్టుకోకండి. ఏమంటున్నారు? కట్టేశావు కాబట్టి నీకు తెలీదు, తెలిసి చేసింది కాదు అనా? చర్చిలో ఫాదర్ గారు కూడా అదే అన్నారు. ఆయనకీ ఇలాగే చెప్పాను మరి.

కట్టెయ్యలేదు మేడం.

మొత్తం విన్నాను. అలలు నాలుగున్నర మీటర్లన్నారు. చిన్న పడవలేవీ వెళ్లకూడదన్నారు. రెండుసార్లు చదివారు. రెండోసారి "దయచేసి" అని కలిపారు. అది మీకు చదవమని ఇచ్చే కాగితంలో ఉండే మాట కాదనుకుంటాను.

మా ఆయన నడుం దాకా తడిసి మధ్యాహ్నానికి వెనక్కొస్తాడు, ఆవిడ సరిగ్గా చెప్పలేదని విసుక్కుంటాడు, అంతే అనుకున్నాను. ఒక్కసారైనా మీ మాట తప్పు కావాలనుకున్నాను.

మీ మేనేజరు గది ఎటు? రాసిస్తాను, పేరు పెట్టి. ఇంటికెళ్లి ఆయనకి చెప్తాను. తర్వాత నెనితాకి. ఆపైన వాళ్లు నన్నేం చేసుకుంటారో వాళ్లిష్టం.

ఆ "దయచేసి" అన్నప్పుడు మీ గొంతు ఎంత మెత్తగా ఉందో మీకు తెలుసా? పదిహేడేళ్లలో నేనాయనతో ఒక్కసారీ అలా మాట్లాడలేదు. మీరలా బతిమాలారని గనక ఆయన చెవిన పడితే ఇక నా వైపు చూడడనిపించింది. అందుకే చెప్పలేదు.