మొదటి సభ్యుడు

లైబ్రరీ సభ్యుల వివరాలన్నీ ఒకేసారి కంప్యూటర్లోకి మార్చబోతే ప్రోగ్రాం మధ్యలోనే ఆగి పడిపోతోంది. దాన్ని రాసిన మనవరాలి పక్కన, లైబ్రరీ పెట్టిన తాతయ్య కూర్చున్నాడు.

"దొరికింది తాతయ్యా. నీ దగ్గరే పడిపోతోంది."

"నేనేం చేశానే?"

"ఎవర్ని ఎవరు చేర్పించారో వెతుక్కుంటూ పోతుందది. నిన్ను చేర్పించింది నువ్వేనని ఉంది. ఇక నీ చుట్టూనే తిరిగి తిరిగి సొమ్మసిల్లుతోంది."

"పాత సభ్యుడు చేర్పిస్తేనే కొత్త సభ్యుడని రూలు పెట్టాను. అప్పటికి ఉన్నది నేనొక్కణ్ణే మరి."

"నీ రూలుకి నువ్వే దొరికావన్నమాట. సరే, నిన్ను నేను చేర్పించానని రాస్తాను."

"రాయి, రాయి. మనవరాలి చలవతో చేరానని ఊరంతా చెప్పుకుంటా."

"అయ్యో, మళ్ళీ పడిపోయింది."

"పడదూ మరి. పాలపళ్ళు ఊడకముందే నిన్ను చేర్పించింది నేనేగా."